అడుగుజాడలనుట అసత్యము

“స్కాట్, షాకల్టన్‌ల అడుగుజాడలలో” అను మాటను అంటార్కిటికా విహారములకు పిలుచు యాత్రాసంస్థలు ప్రతియేటను ప్రకటనలకెక్కించుచున్నవి. వారు చెప్పు మాటలన్నిటిలోను ఇంతటి అసత్యము మరియొకటి లేదు.

నేడు అర్జెంటీనాలోని ఉషువాయా రేవున ఓడయెక్కినవారు డ్రేక్ జలసంధిని రెండు దినములలో దాటి, వెచ్చని గదులలో నిద్రించి, రబ్బరు పడవలలో తీరమునకు పోయి, పెంగ్విన్లను చూచి కొన్ని గంటలకే ఓడకు మరలుదురు. వారిలో అత్యధికులు అడుగిడునది ద్వీపకల్ప తీరముననే. ధ్రువాన్వేషకుడు స్కాట్ నడచినది రాస్ సముద్రపు దిక్కునుండి. రెంటికిని నడుమ వేలకొలది కిలోమీటర్లు. ఇక అడుగుజాడ లెక్కడివి? షాకల్టన్ యాత్రయు ఇట్టి విహారము కాదు: ఆయన ఓడ వెడెల్ సముద్రపు మంచులో నలిగి మునిగిన పిదప, ఆయన సహచరులు ఇరువదిద్దరు ఎలిఫెంట్ ద్వీపమున బోర్లించిన పడవలక్రింద 1916 ఆగస్టు 30 వరకు నాలుగు నెలలకు పైగా దిక్కులేక పడియుండిరి.

స్కాట్ మరి నలుగురితో 1912 జనవరి 17న దక్షిణధ్రువమును చేరునప్పటికి, అముండ్‌సెన్ 1911 డిసెంబరు 14ననే అచ్చట నార్వే పతాకమును నాటిపోయియుండెను. తిరుగుదారిలో మంచుబండిని తామే లాగుచు, ఆకలికిని చలికిని కృశించి ఒకరి తరువాత ఒకరుగా ఇరువురు అసువులు బాయగా, మిగిలిన మువ్వురు ఆహారపు నిల్వకు పదునొకండు మైళ్ల దూరమున గుడారములోనే మరణించిరి. అట్టి దశలోను వారు పారవేయక లాగుకొనివచ్చినవి సుమారు 16 కిలోల రాళ్లు. వానిలో గ్లాసోప్టెరిస్ అను ప్రాచీన వృక్షజాతి ఆకుల ముద్రలు కనబడినవి. మన సింగరేణి నేలలోని బొగ్గుపొరలు ఆ జాతి చెట్లు పెరిగిన కాలమునాటివే. ఆ హిమఖండమును మన భూమియు ఒకప్పుడు కలిసియుండెననుటకు ఆ రాళ్లు సాక్ష్యము పలికినవి. జ్ఞానముకొరకు ప్రాణమొడ్డిన అట్టివారి పేరును టిక్కెట్టుపై అచ్చువేయుట మృతులకు చేయు అపచారము.

మా సీమకు ఇది దూరపుకథ కాదు. ఆత్మకూరుకు చేరువనున్న సంగం మండలపు గాంధీజనసంఘం గ్రామమున పుట్టిన మల్లి మస్తాన్‌బాబు 2006 జనవరి 19న అంటార్కిటికాలోని విన్సన్ శిఖరము నధిరోహించి, 172 దినములలో ఏడు ఖండముల అత్యున్నత శిఖరములను ముగించెను. ఆయనయు మంచునేలకు చేరినది విమానముననే. ఆ సౌకర్యమును మేము తప్పుపట్టము. కాని 4,892 మీటర్ల ఆ కొండను తన కాళ్లతోనే ఎక్కెను. తుదకు 2015లో ఆండీస్ పర్వతములలోనే కన్నుమూసెను. సీతారామపురం, ఉదయగిరి బడిపిల్లలకు సాహసమనగా ఆయన పేరు చెప్పు మాకు, సొమ్ము చెల్లించిన ప్రతివారికిని ఆ గౌరవమును పంచిపెట్టుట సహింపరానిదిగా నున్నది.

ఒక్కసారి నూరుమందికి మించి తీరమున దింపరనియు, చూచివచ్చినవారికి ఆ ఖండముపై ప్రేమ కలుగుననియు సంస్థలు చెప్పునది నిజమే. అయినను 2023-24 యాత్రాకాలమున అచ్చటికి పోయినవారు 1,20,000కు పైబడిరి. ఓడల మసి మంచుపై పడి దాని కరుగుదలను త్వరపరచుచున్నది. విహారమునకు సాహసమను పేరు తగిలించినయెడల, దానికి హద్దు పెట్టుమనువాడు సాహసమునకే శత్రువుగా కనబడును. ఈ ప్రకటనల అసలు హాని ఇదియే. అంటార్కిటికా ఒప్పందమున 1983నుండి నిర్ణయాధికారము గల భారతదేశము, 2024 మేలో కొచ్చి సమావేశమున ఆరంభమైన పర్యాటక నిబంధనల చర్చలో, యాత్రికుల సంఖ్యకు గరిష్ఠ పరిమితి విధింపవలెనని పట్టుబట్టవలెను. మనదేశపు యాత్రాసంస్థలు “అడుగుజాడలలో” అను ఆ మాటను తమ ప్రకటనలనుండి తక్షణమే తొలగింపవలెను.