ఫ్రెంచివారి ‘కావచ్చును’

ఫ్రెంచి నేర్చు విద్యార్థులకు మొదట నిశ్చయార్థక వాక్యములే నేర్పుట వాడుక: ఇది బల్ల, అది కిటికీ, నేను బడికిఁ బోవుచున్నాను. కాని యింటను బజారునను జనులాడు మాటలలో నిశ్చయమెంత? వాన రావచ్చును, వాఁడు వచ్చియుండును, ధర పెరిగినదఁట. సగము సంభాషణ మిట్లే నడచును. కావున సందేహమును దెలుపు పలుకుబళ్లను మొదటి యేఁటనే నేర్పవలెననియు, ఇంగ్లీషు మీఁదుగాఁ గాక తెలుఁగు మీఁదుగా నేర్పవలెననియు మా యభిప్రాయము. 1954వ సంవత్సరము వఱకు ఫ్రెంచివారి యేలుబడిలో నుండిన యానాములోఁ దెలుఁగింటి పిల్లలు ఫ్రెంచి చదివిరి గదా; ఈ రెండు భాషల పొత్తు క్రొత్తది కాదు.

ఫ్రెంచివారు మాటిమాటికిఁ బలుకు ‘ప్యుతేత్ర్’ అను పదములో రెండు తునుకలు గలవు. ‘ప్యు’ అనఁగా వీలగును. ‘ఏత్ర్’ అనఁగా అగుట. మన ‘కావచ్చును’ కూర్పును ఇట్టిదే. తలుపు చప్పుడైనప్పుడు ‘స సరా ల ఫాక్తర్’ అందురు. క్రియ భవిష్యత్కాలము, భావము మాత్రము ‘తపాలా బంట్రోతు అయియుండును’ అను నూహ. ఇప్పుడీ వాడుక కొంత తగ్గి ‘సా ద్వా తేత్ర్’ అనుటయే హెచ్చు. అదియు మన ‘అయియుండవలెను’ వంటిదే.

అన్నిటికంటెఁ జక్కనిది వార్తాపత్రికల వాడుక. ‘ల మినిస్త్ర్ ఏ మలాద్’ అనిన మంత్రికి జబ్బుగా నున్నది. ‘ల మినిస్త్ర్ సరే మలాద్’ అనిన జబ్బుగా నున్నదఁట. పత్రిక తాను పూచీపడదు. క్రియారూప మొక్కటి మాఱినంతనే వార్త విన్నమాట యగును. మన ‘అఁట’ చేయుపని ఇదియే. ఇంగ్లీషు మీఁదుగాఁ బోయిన విద్యార్థి దీనిని షరతుతోఁ గూడిన వాక్యమని తలఁచి, ఆ షరతెక్కడ నున్నదో యని పుట యంతయు వెదకును!

తెలుఁగు తోడురాని చోట్లును లేకపోలేదు. ‘సాఁ దూత్’ అనుదానికి అక్షరార్థము ‘సందేహము లేక’. నేఁటి వాడుకలో ‘బహుశః’ అని మాత్రమే. నేస్తుఁడు ఈ మాటతో వచ్చెదననిన, అన్నము వండియుంచుట తొందరపాటు. నిజముగా సందేహము లేనిచో ‘సాఁజోకఁ దూత్’ అందురు. ఇచట ఇంగ్లీషువారి ‘నో డౌట్’ కొంత సాయపడును, ఒప్పుకొందము. ‘ఇల్ ఎ పొసీబ్ల్ క్’ తరువాత క్రియ వేఱు రూపము దాల్చుటయు, ‘ఇల్ ఎ ప్రొబాబ్ల్ క్’ తరువాత సామాన్యరూపముననే యుండుటయుఁ గంఠస్థము చేయవలసినవే.

తలిదండ్రులకు ఫ్రెంచి రాకున్నను నష్టము లేదు. పిల్లవాఁడు పాఠము చదువునపుడు ‘ఏమో, వచ్చియుండును’ అనుటను ఆ భాషలో నెట్లందురని యడిగిచూడవచ్చును.