పిలువని పేరంటము

అశోకనగరము, చిక్కడపల్లి ప్రాంతమున కాపురముండువారికి ఈ బాధ క్రొత్త గాదు. నగర కేంద్ర గ్రంథాలయము చుట్టుప్రక్కల పోటీపరీక్షల శిక్షణాలయములు వీధివీధిని వెలసియున్నవి. మా పొరుగింటి పిన్నిగారు భర్త పోయిన పిదప పింఛనుతో సంసారము నెట్టుకొనివచ్చుచున్నారు. కుమార్తె కొఱకై ఒక శిక్షణాలయమునకుఁ బోయి, రుసుము విచారించి, వారడిగిన కాగితముపై ఫోను నంబరు వ్రాసి వచ్చిరి. నాటినుండి తక్కిన శిక్షణాలయములు, వసతిగృహములు, అప్పులిచ్చువారు, ఇండ్లస్థలములవారు, ఒకరి వెనుక నొకరు సందేశములు కురిపించిరి. విసిగి ఆమె సందేశములు చూచుటయే మానిరి. బ్యాంకువారి హెచ్చరికయు ఆ కుప్పలోనే కలిసిపోయినది. గడువు దాటి ఖాతా నిలిచిపోగా, పిల్ల పరీక్షరుసుము కట్టుటకు గాజులు తాకట్టుపెట్టవలసివచ్చినది.

దీనికి చట్టము లేకపోలేదు. ట్రాయ్ అను నియంత్రణ సంస్థ 2010లో చేసిన నిబంధనలు 2011 సెప్టెంబరు 27 నుండి అమలులోనికి వచ్చినవి. అప్పుడొక వింత జరిగినది. ఒక్కొక్క సిమ్మునుండి దినమునకు 100 సందేశములకు మించి పంపరాదనిరి; పిదప 200 చేసిరి. 2012లో ఢిల్లీ హైకోర్టు ఆ కట్టడిని కొట్టివేసినది. వర్తకుని ఆగడమునకు సామాన్యుని నోరు కట్టుట యేమి న్యాయము? 2018 నిబంధనలతో, పంపువారు తమ పేరును, సందేశపు నమూనాను ముందుగానే నమోదు చేసికొనవలసివచ్చినది.

మనము చేయదగినది స్వల్పమే. 1909 నంబరునకు ఫోను చేసి గాని, ఆంగ్లమున స్టార్ట్ అని వ్రాసి ప్రక్కన 0 చేర్చి సందేశము పంపి గాని ప్రకటనలను ఆపుకొనవచ్చును. బ్యాంకు లావాదేవీల సందేశములు ఇందువలన ఆగవు. ఆ భయము వలదు. 2025 సవరణ ప్రకారము పంపువారి పేరు చివర పి అక్షరమున్న ప్రకటన, టి యున్న లావాదేవీ, ఎస్ యున్న సేవ, జి యున్న ప్రభుత్వ సందేశము. చూపు ఆ చివరి అక్షరముపై నిలిపిన చాలును. నమోదులేని పది అంకెల నంబరునుండి ప్రకటన వచ్చినచో, వచ్చిన ఏడు దినములలో ఫిర్యాదు చేయవలెను. పూర్వము మూడు దినములే గడువు. ఇంటిపనులలో మూడు దినములు ఎంతలో గడచునో ఆ నిబంధన వ్రాసినవారికేమి తెలియును!

వాట్సాపు సందేశములకు మాత్రము ఈ నిబంధనలు వర్తింపవు. వానిని మనమే అడ్డగించుకొనవలెను. ఇక నారాయణగూడ దుకాణములలో బిల్లు వ్రాయుచు నంబరడుగుదురు గదా, దానికై బలవంతపెట్టరాదని 2023లో కేంద్ర వినియోగదారుల వ్యవహారముల శాఖ వర్తకులకు సూచించియున్నది. ఇయ్యమని చెప్పి, సరకు పుచ్చుకొని రండు.