వాపు మీద ఎందుకింత పగ?

సిద్దిపేటలో ఏ గల్లీలో కుక్కకు గాయమైనా గంటలో నలుగురు వైద్యులు తయారవుతారు. ఒకరు ఫినాయిల్ పోస్తారు. ఒకరు టర్పెంటైన్ గుమ్మరిస్తారు. ఒకరు బండిలోంచి తీసిన నల్లటి ఇంజనాయిల్ పూస్తారు. వీళ్లందరికన్నా తెలివైనాయన మందుల దుకాణం నుంచి డెక్సామెథసోన్ అనే స్టెరాయిడ్ తెప్పించి సూది పొడిపిస్తాడు. తెల్లారేసరికి వాపు దిగుతుంది, కుక్క లేచి అన్నం ముడుతుంది. "చూసినవా, ఎంత మంచిగైందో!" అని మురిసిపోతారు. మంచిగ కాలేదయ్యా. మానే పనిని మీరే ఆపేశారు.

చర్మం తెగిన నిమిషాల్లో రక్తం గడ్డకడుతుంది. గంటల్లోనే న్యూట్రోఫిల్స్ అనే తెల్లకణాలు రక్తనాళాల గోడలు దాటి గాయంలోకి దూకి, క్రిములను మింగి, అక్కడే చస్తాయి. రెండో మూడో రోజుకు మాక్రోఫేజ్‌లు దిగుతాయి. చచ్చిన కండను మింగి శుభ్రం చేసేవీ, కొత్త నాళాలను, కొత్త కండను రమ్మని కబురు పెట్టేవీ అవే. ఆ ఎరుపు, వేడి, వాపు, నొప్పి ఈ పని జరుగుతున్న గుర్తులు. 1975లో లీబోవిచ్, రాస్ అనే ఇద్దరు పరిశోధకులు గినీ పందుల్లో స్టెరాయిడ్‌తోనూ ప్రత్యేక సీరంతోనూ మాక్రోఫేజ్‌లను తగ్గించి చూశారు. గాయంలో చెత్త అట్లాగే పేరుకుంది, కొత్త కండ ఆలస్యమైంది. మన గల్లీ వైద్యుడు చేసేది కూడా సగం ఆ ప్రయోగమే, రాసుకునే పుస్తకం ఒక్కటే తక్కువ!

గుర్రాలనూ, పోనీలనే పొట్టి గుర్రాలనూ పోల్చిన నెదర్లాండ్స్ పరిశోధన ఇంకా గట్టిగా చెప్పింది. పోనీలో వాపు బలంగా వచ్చి తొందరగా దిగుతుంది. గుర్రంలో నీరసంగా మొదలై వారాల తరబడి ఈడుస్తుంది. ముందు మానేది పోనీ గాయమే. కాబట్టి వాపు రావాలి, రావలసిన రోజుల్లో రావాలి, పని కాగానే పోవాలి. నాలుగైదు రోజులు దాటినా పెరుగుతుంటే, చీము, వాసన వస్తుంటే, పురుగులు పడితే అది వేరే కథ. అప్పుడు పశువుల దవాఖానకు పోవాలి గానీ టర్పెంటైన్ సీసా వెతకకూడదు.

ఇక పసుపు. కొమురవెల్లి మల్లన్న బండారి పసుపు నుదుటికి పెట్టుకునే ఊళ్లమే మనం, పసుపును కాదనే ధైర్యం ఎవరికుంటుంది? గాయాలకు పసుపు వాడకం మీద 1995లో అమెరికాలో పేటెంటు ఇచ్చారు. మన సీఎస్ఐఆర్ పోరాడి 1997లో రద్దు చేయించింది. గర్వపడదాం. కానీ అక్కడ గెలిచింది "ఇది మాకు తరతరాలుగా తెలుసు" అనే వాదన. వంటింటి డబ్బాలోని పసుపు గుప్పెడు తీసి తెరిచిన పుండులో కూరితే మానుతుందని ఏ తీర్పూ చెప్పలేదు. ఆ పొడి కింద చీము చేరితే పైకి పచ్చగానే కనిపిస్తుంది.

నొప్పి తగ్గించొద్దని నేననడం లేదు, కుక్కకూ నొప్పే. డాక్టరు బరువు చూసి రాసే మెలోక్సికామ్ ఉంది. కానీ ఇంట్లో మిగిలిన ఇబుప్రొఫెన్, డైక్లోఫెనాక్ గోలీలు కుక్క కడుపును పుండ్లు చేస్తాయి, కిడ్నీలను దెబ్బతీస్తాయి. వాటికి స్టెరాయిడ్ సూది కూడా తోడైతే కడుపుకు చిల్లే పడొచ్చు. రాబందులను పొట్టనబెట్టుకున్న పశువుల డైక్లోఫెనాక్‌ను 2006లో ఆపిన దేశం మనది. గల్లీ కుక్క ప్రాణానికి మాత్రం ఇంకా లెక్క లేదు.

కుక్కలు కొట్లాడుకున్న గాయాన్ని అసలు నమ్మొద్దు. పైన కోర పట్టినంత రంధ్రం, లోపల చర్మం వదులై కండ చినిగి ఉంటుంది. దాన్ని కుట్టేసి మూసిపెడితే మురికిని లోపల దాచినట్టే. లీటరు కాచి చల్లార్చిన నీళ్లలో 9 గ్రాముల ఉప్పు కలిపి ధారగా కడగండి, చేతులకు తొడుగులు వేసుకోండి, నాకకుండా మెడకు గరాటు లాంటి కాలర్ తొడగండి, డాక్టరుకు చూపండి. ఖర్చయ్యేది మీరు ఫినాయిల్ మీద పెట్టేదానికన్నా మరీ ఎక్కువేం కాదు.

డెక్సామెథసోన్ షెడ్యూల్ హెచ్ మందు. డాక్టరు చీటీ లేకుండా అమ్మడం నేరం. దుకాణం కౌంటరు మీద ఆ సీసా ఎట్లా దొరుకుతున్నదో డ్రగ్ ఇన్‌స్పెక్టర్లే జవాబు చెప్పాలి, కుక్క చెప్పలేదు.