పాత తుపాకి, పాత మగ్గము

సైన్యములు విడిచిపెట్టిన పాత తుపాకులను కొని యింట నుంచుకొను వేడుక పశ్చిమ దేశములలో చిరకాలముగా నున్నది. ఇప్పుడు అది మనవారికిని సోకుచున్నది. రాజధానిలోని తెలుగు న్యాయవాదులు, వైద్యులు, ఇంజనీర్లలో అమెరికాయందు కొడుకో అల్లుడో లేనివారు తక్కువ. బెంగాలులోని ఇషాపూరు కర్మాగారమున తయారై, మన సైన్యము వాడి వదలిన లీ-ఎన్‌ఫీల్డు తుపాకి అచ్చటి అంగళ్లలో దొరకును. 2003లో రెండు అమెరికా వర్తక సంస్థలు ఖాట్మండులోని పాత రాజభవనమున దుమ్ముపట్టి పడియున్న ఆయుధశాలనే బేరమాడి, వేలకొలది తుపాకులను ఓడల కెక్కించి కొనిపోయినవి. వానిలో విక్టోరియా రాణి నాటివి పెక్కులు. ఇట్టి వార్తలు చదివినవారు, మన యింటి గోడకును అట్టిది యొకటి తగిలించుకొనరాదా యని అడుగుచున్నారు. ఈ ప్రశ్నకు శాసనము చెప్పు సమాధానము వేరు, చరిత్ర చెప్పు సమాధానము వేరు. రెండును తెలిసికొనదగినవే.

లోకము .303 అని పిలుచు ఈ తుపాకి ఇంచుమించు నాలుగు కిలోల బరువు గలది. పది తూటాలు పట్టును. మన దేశమున ఇది నిషిద్ధ బోరులలోనిది. జిల్లా మేజిస్ట్రేటు దీనికి లైసెన్సు నీయజాలడు. కేంద్ర ప్రభుత్వపు ప్రత్యేకానుమతి కావలయును. అనుమతి లేక దాచినవానికి 2019 నాటి సవరణ ననుసరించి 7 సంవత్సరములకు తక్కువ గాకుండ, 14 సంవత్సరముల వరకు కారాగారవాసము విధింపవచ్చును. పౌరుల కొరకు ఇషాపూరులోనే .315 బోరు తుపాకిని చేసిరి. దాని యంత్రనిర్మాణము లీ-ఎన్‌ఫీల్డుదే, తూటా మాత్రము సైన్యపు తూటా కాదు. దానినే పాత సైనిక తుపాకి యని చెప్పి అంటగట్టువారును, నమ్మి మురియువారును ఉందురు. 1959 నాటి ఆయుధ శాసనము 45వ విభాగమున, కాలము చెల్లి, మరమ్మతు చేసినను పేల్చుటకు వీలులేని ఆయుధములకు మినహాయింపు గలదు. కాని మరమ్మతు చేసిన పేలునా పేలదా యన్నది పరీక్షచేత తేలవలసిన సంగతి. గొట్టములో సీసము పోయించితి నను వర్తకుని మాట నమ్మి కొన్నవాడు, మన న్యాయవాద మిత్రులకు కక్షిదారుడగుట తప్ప వేరు లాభము పొందడు.

ఇందుకు కొందరు చెప్పు ఆక్షేపణ తేలికగా త్రోసివేయదగినది కాదు. ఆయుధములపై ఈ యాంక్ష పరప్రభుత్వము మనకు వేసిన సంకెల కాదా యని వారందురు. నిజమే. 1878లో లిట్టను ప్రభుత్వము రెండు శాసనములు చేసెను. ఒకటి దేశభాషా పత్రికల నోరు కట్టినది, రెండవది ప్రజల చేయి కట్టినది. మొదటిదానిని రిప్పను ప్రభువు నాలుగేండ్లలోపలనే రద్దుచేసెను. రెండవది స్వరాజ్యము వచ్చిన పిదపను నిలిచి, 1959 నాటి శాసనము 1962లో అమలునకు వచ్చువరకు సాగెను. గాంధీ మహాత్ముడు సైతము 1918లో ఖేడా జిల్లాలో సైన్యమునకు జనమును చేర్చుచు ఆ శాసనమును తీవ్రముగా గర్హించెను. 1931 కరాచీ కాంగ్రెసు తీర్మానించిన పౌరహక్కులలో, నియమములకు లోబడి ఆయుధము ధరించు హక్కును ఒకటి. 1948లో కామతు దానిని రాజ్యాంగమున చేర్పవలెనని సవరణ తెచ్చెను, రాజ్యాంగసభ అంగీకరింపలేదు.

అంగీకరింపకపోవుట మంచిదనియే మా యభిప్రాయము. 1878 శాసనమునందలి పాపము నిషేధము కాదు, పక్షపాతము. ఐరోపావాసికి లైసెన్సు అక్కరలేదు, భారతీయునకు కావలయును. ఆ భేదము పోయిన పిమ్మట మిగిలినది, ఇరుగుపొరుగువాని ప్రాణమునకు పూచీ. ఇందులోను ఇంకొక సంగతి కలదు. ఆయుధములేని జనము దుర్బలమని పలుకువారు షోలాపురపు నేతపేటల కథ నెరుగరు.

అచ్చటి పద్మశాలీలు తెలంగాణమున కరవులకును అప్పులకును తాళలేక తరలిపోయినవారి సంతతి. నిజాము సరిహద్దు దాటినంతనే బొంబాయి రాష్ట్రపు పెద్ద పట్టణమైన షోలాపురము వారికి కూడు పెట్టినది. మొదట చేతిమగ్గము, పిమ్మట మిల్లుకూలి, అటుపిమ్మట మరమగ్గము. ఆడువారికి బీడీలు చుట్టుట. భౌగోళిక గుర్తింపు పొందిన షోలాపురపు చద్దరులో వారి రెక్కల కష్టమున్నది. పట్టణపు తూర్పు భాగమున సాఖర్ పేట మొదలగుచోట్ల నేటికిని తెలుగుమాట వినబడును. మార్కండేయుని గుడి కలదు. శ్రావణ పూర్ణిమకు రథము కదలును. మరాఠీ బడిలో చదివిన పిల్లవాడును ఇంటికి వచ్చి తల్లితో తెలుగే పలుకును. రాజధానిలోని మన పిల్లలను గూర్చి అంత ధైర్యముగా చెప్పలేము.

ఈ పట్టణమువారు .303 తుపాకిని కొనలేదు. అదియే వారి వీధులకు నడచివచ్చినది. 1930 మే 5న గాంధీ మహాత్ముడు నిర్బంధింపబడిన వార్త రాగానే మిల్లులు కట్టుబడినవి. కార్మికులు, వారిలో మనవారును, వీధుల కెక్కిరి. మే 8న ఈతచెట్లు నరకబోయిన జనమునకును పోలీసులకును ఘర్షణ జరిగి, కాల్పులయ్యెను. జనమునందు ప్రాణములు పోయినవి. రేగిన యాగ్రహములో పోలీసులును చచ్చిరి. అది మఱువరాదు, మఱుగుపరుపరాదు. పిమ్మట పోలీసులు ఊరు విడిచిపోగా, కొన్ని దినములు పట్టణమును కాంగ్రెసు సేవాదళమువారే నడిపిరి. కూడళ్లలో బండ్లను మళ్లించినవారును వారే. వారి చేతులలో తుపాకులు లేవు.

మే 12న సైనికశాసనము ప్రకటింపబడెను. బ్రిటిషు సైనికుని భుజముపై ఆనాడున్నది ఈ లీ-ఎన్‌ఫీల్డు తుపాకియే. జాతీయ పతాకము పట్టుకొని నడచుట నేరము, తలపై గాంధీటోపీ యుండుట అనుమానము. జూను నెల ముగియువరకు ఆ పాలన సాగెను. పోలీసుల హత్యాభియోగముపై మల్లప్ప ధనశెట్టి, కుర్బాన్ హుస్సేను, జగన్నాథ శిందే, శ్రీకిసన్ సారడా అను నలుగురిని 1931 జనవరి 12న ఎరవాడ చెరసాలలో ఉరితీసిరి. వారిలో కుర్బాన్ హుస్సేను పత్రికా సంపాదకుడు. దేశమున స్వరాజ్యమునకై ప్రాణములర్పించినవారు పెక్కురు; ఒక పట్టణమంతయు సైనికశాసనమునకు గురియై, తరువాత తన వీరులను నలుగురు నాలుగు వర్గములవారినిగా లెక్కించుకొనుట యరుదు.

పదునెనిమిదేండ్లకు అదే తుపాకి అదే పట్టణమునుండి ఇంకొక దెసకు సాగెను. 1948 సెప్టెంబరు 13న జనరల్ చౌధురి సేన షోలాపురమునుండి బయలుదేరి, నళదుర్గము మీదుగా హైదరాబాదు దారిపట్టెను. అంతకు ముందు నెలలలో నిజాము ప్రభుత్వమునకు ఆస్ట్రేలియావాడగు సిడ్నీ కాటను కరాచీనుండి విమానములలో ఆయుధములు చేరవేయుచుండెను. బాంబరు విమానమును ప్రయాణములకు తగినట్లు మార్చిన లాంకాస్ట్రియనులు అవి. యుద్ధము ముగిసినచోట మిగిలిన సరకు ఎవనికి చేరునో, ఎవనిపై పేలునో దానిని చేసినవాడు నిర్ణయింపజాలడు. ఆయుధముల బేరము వేడుక యని తలంచువారు కాటను ఖాతాపుస్తకమును తలచుకొనవలయును.

ఈ తుపాకి 1962లో ఈశాన్య సరిహద్దున మన సైనికుని చేతిలో నుండి, చీనావారి ఆధునికాయుధముల యెదుట వెలవెలబోయెను. 2008 నవంబరు 26 రాత్రి బొంబాయి రైలుస్టేషనులో ఘాతకులను ఎదిరింపవలసిన పోలీసుల చేతులలో నున్నవియు ఇట్టి పాతవియే. ఉత్తరప్రదేశపు పోలీసులు 2020 గణతంత్ర దినమున దీనికి వీడ్కోలు పలికిరి. పోలీసు కాలము చెల్లినదన్న వస్తువు, కొనువానికి మాత్రము అపురూప మగుచున్నది.

షోలాపురపు మిల్లుల మగ్గములకు ఇట్టి యదృష్టము పట్టలేదు. 20వ శతాబ్ది ముగియు వేళకు పాత మిల్లులు ఒకదానివెంట నొకటి మూతపడగా, తరతరముల బట్ట నేసిన యంత్రములు పాతయినుముగా తూకమునకు పోయెను. పడుగుపేకలు కలిపిన యినుమునకు కిలో లెక్కన వెల, ప్రాణము తీసిన యినుమునకు డాలరు లెక్కన వెల. ఈ వెలలు కట్టునది బజారు; బజారును తిట్టిన లాభము లేదు. కాని మన యిష్టములను మనమే కట్టుకొనవచ్చును.

కావున పోలీసు శాఖలు విరిచివేయు .303 తుపాకులలో ఒకదానిని పేలకుండ శాశ్వతముగా నిర్వీర్యముచేసి, షోలాపురమున నలుగురు హుతాత్ముల స్మారకము చెంత ప్రజలు చూచునట్లు ఉంచవలెనని మహారాష్ట్ర ప్రభుత్వమును కోరుచున్నాము. దాని ప్రక్కనే గుంటమగ్గ మొకటియు, మిల్లునుండి వచ్చిన మరమగ్గ మొకటియు నిలుపవలయును. 1930 నాటి సైనికశాసన ప్రకటనలు, విచారణ కాగితములు అచ్చుబడి, మరాఠీ, తెలుగు, కన్నడ, ఉర్దూ భాషలలో అచ్చట దొరకవలయును. తాతలు ఆ దినములను గూర్చి చెప్పిన మాటలు తూర్పుపేటల ముదుసళ్ల నోట ఇంకను కొన్ని మిగిలియుండును. వ్రాసికొన జాలినవారు త్వరపడవలయును.

గోడమీది తుపాకికై వేయదలచిన సొమ్ము ఈ పనికి చాలును. న్యాయవాదులు అర్జీ వ్రాయవచ్చును, ఇంజనీర్లు మగ్గములను నిలిపి కదలించు విధము చెప్పవచ్చును. అర్జీ మరాఠీలో నుండవలయును; అందుకు షోలాపురపు మనవారి సాయము వెంటనే దొరకును.