త్రికోణమితి బట్టీ పాఠం కాదు

ఇంటర్ మొదటి సంవత్సరం గణితంలో విద్యార్థిని బాగా బెదరగొట్టేది త్రికోణమితి. సూత్రాలు బట్టీ పట్టి మార్కులు తెచ్చుకుంటే చాలు, కృష్ణా డెల్టా పిల్లలకు అంతకుమించి దానితో పనిలేదన్న ఒక పాఠకుని అభిప్రాయం ఈ నేలకు బొత్తిగా పొసగదు.

బందరుకు, అంటే మచిలీపట్నానికి, ఈ శాస్త్రంతో పాత చుట్టరికమే ఉంది. 1794లో మద్రాసులో సర్వే బడి పెట్టించిన మైకేల్ టాపింగ్ కృష్ణా, గోదావరి నీటిని పొలాలకు మళ్లించే వీలును పరిశీలించాడు. 1796లో మచిలీపట్నంలోనే కన్నుమూశాడు. 1802లో సర్వే అధికారి లాంబ్టన్ మద్రాసులో మొదలుపెట్టిన త్రికోణమితి సర్వేకు ఎత్తయిన చోట్లు కావలసివచ్చాయి. కొండలు లేని కావేరి డెల్టాలో, 1808లో తంజావూరు పెద్ద గుడి పైకి లాగుతుండగా, కోణాలు కొలిచే థియోడలైట్ గోడకు కొట్టుకుని దెబ్బతింది. మన దివిసీమ వంటి పల్లపు నేలలోనూ అదే చిక్కు.

ఈ కొలిచే పద్ధతిని విద్యార్థి కాలువ గట్టు మీద చేసి చూడదగ్గ లెక్క ఒకటుంది. కాలువ అవతలి ఒడ్డున ఉన్న తాటిచెట్టుకు సరిగ్గా ఎదురుగా ఇవతల ఒక పుల్ల పాతాలి. అక్కణ్నుంచి గట్టు వెంబడి 20 మీటర్లు నడిచి, పుల్లకూ చెట్టుకూ మధ్య కోణం కొలవాలి. అది 60 డిగ్రీలైతే, 20ని టాన్ 60తో హెచ్చించగా వచ్చే 34.6 మీటర్లే కాలువ వెడల్పు. నీళ్లలో కాలు పెట్టనక్కర్లేదు. ఒక్కసారి ఇలా కొలిచిన విద్యార్థికి టాన్ అంటే ఏమిటో మళ్లీ చెప్పే పని ఉండదు.

పదో తరగతిలో లంబకోణ త్రిభుజం దగ్గర ఆగిన నిష్పత్తులు ఇంటర్‌లో ఏ కోణానికైనా విస్తరిస్తాయి. అక్కడ వృత్తం గీసి చూపకుండా నేరుగా సూత్రాల పట్టిక చేతికివ్వడం వల్లే సగం భయం పుడుతోంది. మచిలీపట్నం, గుడివాడ కళాశాలల అధ్యాపకులు ఏడాదికి ఒకటి రెండు పూటలైనా ఈ పాఠాన్ని కాలువ గట్టు మీద చెప్పాలి.