రొట్టె మిషను అటక దిగాలంటే

ఈమధ్య మనవాళ్ళ ఇళ్ళల్లో తరచుగా కనిపిస్తున్న వస్తువు ఒకటుంది. అమెరికా నుంచి వస్తూ కోడలు తెచ్చిందనో, పెళ్ళిరోజుకి పిల్లలు కొనిచ్చారనో చెబుతారు. చూడబోతే అది అటక మీదే ఉంటుంది. "రెండుసార్లు చేశామండీ, ఇటుకలా వచ్చింది" అనేది అందరి నోటా ఒకటే మాట. హోసూరు నుంచి ఒక పిన్నిగారు రాసిన ఉత్తరం చదివాక ఈసారి శీర్షిక ఈ రొట్టె మిషనుకే కేటాయించాను. బాబాయిగారికి పళ్ళు లేవు, పొద్దుటి ఫలహారం పాలల్లో ముంచిన రెండు బ్రెడ్డు ముక్కలే. డాక్టరుగారేమో ఉప్పు సగానికి తగ్గించమన్నారు. "ఇంట్లోనే చప్పటి బ్రెడ్డు చేసుకోవచ్చా?" అని ఆవిడ ప్రశ్న.

చేసుకోవచ్చు. అయితే ముందు మామూలు బ్రెడ్డు కుదరాలి.

ఈ మిషను 1980ల రెండో సగంలో జపాన్‌లో పుట్టింది. మత్సుషిత కంపెనీవాళ్ళు తయారుచేస్తుంటే, పైన మాడిపోయి లోపల పచ్చిగా వచ్చేదట. అప్పుడు ఇకుకో తనకా అనే ఇంజనీరమ్మ ఒసాకాలో ఒక పెద్ద హోటలు రొట్టెల మేస్త్రి దగ్గర చేరి, ఆయన పిండిని మెలిపెడుతూ సాగదీయడం గమనించింది. ఆ పనితనం మిషనుకు వచ్చేలా లోపల గట్లు పెట్టించాక గాని రొట్టె కుదరలేదు. బొబ్బట్ల పిండి ఎంత సాగాలో తెలిసిన మనకు ఈ కథ కొత్తగా అనిపించదు.

మొదటిసారికి 300 గ్రాముల మైదా, 190 మి.లీ. నీళ్ళు, చెంచాడు ఉప్పు, పెద్ద చెంచాడు చక్కెర, పెద్ద చెంచాడు నూనె, చిన్న చెంచాడు ఇన్‌స్టంట్ ఈస్టు. గ్లాసులతో కొలవకండి. ఒకరు గ్లాసు నొక్కి నింపుతారు, ఇంకొకరు వదులుగా పోస్తారు, తేడా అంతా అక్కడే వస్తుంది. ఇంట్లో చిన్న తూకం మిషను ఉంటే సగం పని అయినట్టే. చాలా మిషన్లలో ముందు నీళ్ళు, నూనె, ఉప్పు, చక్కెర, వాటిమీద మైదా, చివర పిండిలో చిన్న గుంట చేసి ఈస్టు వేస్తారు. ఈస్టు తడికీ ఉప్పుకీ దూరంగా ఉండాలి. కొన్ని మిషన్లలో వరస వేరు, కాబట్టి దాంతో వచ్చిన పుస్తకం ఒకసారి చూడండి.

మీట నొక్కి వెళ్ళిపోకండి. పది నిమిషాల తర్వాత మూత తీసి చూడండి, ఏమీ కాదు. పిండి పూరీ పిండికంటే బాగా మెత్తగా, గిన్నె గోడలకు అంటుకోకుండా ఒకే ముద్దగా తిరుగుతూ ఉండాలి. పొడిపొడిగా ఉంటే ఒక్కో చెంచా నీళ్ళు, జారుగా ఉంటే ఒక్కో చెంచా మైదా. ఒకే కొలతతో చేసినా చెన్నైలో వానాకాలం ఒకలా, షోలాపూరులో ఎండాకాలం ఇంకోలా వస్తుంది. కాబట్టి నా మట్టుకు నేను పుస్తకంలో కొలత కన్నా ఆ ముద్దనే నమ్ముతాను. పొంగడం మొదలయ్యాక మాత్రం మూత తీయకండి. మొత్తం మూడు, మూడున్నర గంటలు పడుతుంది.

ఇటుకలా రావడానికి ఎక్కువసార్లు కారణం చచ్చిన ఈస్టు. పొట్లం విప్పి ఆరు నెలలు అలమరలో ఉంచితే అది పనిచేయదు. గోరువెచ్చని నీళ్ళలో చిటికెడు చక్కెరతో కలిపి పది నిమిషాలు ఉంచండి. నురగ రాకపోతే పారేయండి. విప్పిన పొట్లాన్ని గాలి చొరని డబ్బాలో పోసి ఫ్రిజ్‌లో పెట్టుకోవాలి. రెండో కారణం చపాతీ పిండి. మరలో బాగా నలిగిన గోధుమపిండి నీళ్ళు ఎక్కువ పీలుస్తుంది, అందులోని తవుడు పిండి జిగురును తెంపుతుంది. అందుకే మొత్తం గోధుమపిండితో మొదలుపెట్టొద్దు. సగం మైదా, సగం గోధుమపిండి వేసి నీళ్ళు 215 మి.లీ. దాకా పెంచండి.

ఇక పిన్నిగారి సంగతి. ఉప్పు రుచికి మాత్రమే కాదండీ, ఈస్టుకు కళ్ళెం కూడా. ఉప్పు సగం చేసి మిగతావన్నీ అలాగే ఉంచితే రొట్టె గబగబా పొంగి, కాలే వేళకి నడుమ కుంగిపోతుంది. కాబట్టి ఉప్పు అర చెంచాకి దించినప్పుడు ఈస్టు ముప్పావు చెంచాకి దించాలి, నీళ్ళు చల్లటివి పోయాలి, రెండు చెంచాల నీళ్ళు తగ్గించాలి. చప్పదనం తెలియకుండా కాస్త వాము గాని వేయించిన నువ్వులు గాని వేసుకోవచ్చు. నీళ్ళ బదులు పాలు పోస్తే ముక్క మెత్తగా ఉంటుంది, పళ్ళు లేనివారికి అదే హాయి. పాలు పోసినప్పుడు మాత్రం రాత్రంతా ఆగి తెల్లవారి కాలేలా టైము పెట్టకండి, వేసవిలో విరిగిపోతాయి.

ఉప్పు ఒక్కటే కాదు, ఇంట్లో చేసుకుంటే అందులో ఏం పడిందో మనకు తెలుస్తుంది. రొట్టె బాగా పొంగడానికి బేకరీల్లో వాడే పొటాషియం బ్రోమేటును మన దేశంలో 2016లో నిషేధించారు. అప్పటిదాకా అది ఏ బ్రెడ్డులో ఎంత పడిందో ఎవరం అడిగాం కనుక!

కరెంటు పోయిందంటారా, కొన్ని మిషన్లు పది నిమిషాలలోపు తిరిగొస్తే ఆగినచోటి నుంచే మొదలుపెడతాయి. అంతకంటే ఆలస్యమైతే పిండి పారబోయకండి. చిన్న ఉండలు చేసి మందంగా ఒత్తి పెనంమీద నిదానంగా కాల్చండి, కూరలోకి బ్రహ్మాండంగా ఉంటాయి.

అమెరికా నుంచి తెచ్చినదైతే వెనక చీటీ చూడందే ప్లగ్గు పెట్టొద్దు. 120 వోల్టులని ఉంటే మన 230కి మాడిపోతుంది. మిషను వాట్ల కంటే ఎక్కువ సామర్థ్యమున్న స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మరు కావాలి. అది పెట్టినా కొన్ని మోటార్లు ఇక్కడ కాస్త నెమ్మదిగా తిరుగుతాయి. అక్కడి కరెంటు 60 సైకిళ్ళు, మనది 50, ఆ తేడాను ట్రాన్స్‌ఫార్మరు మార్చలేదు. ఆ బరువు, ఆ ఖర్చు లెక్కవేస్తే ఇక్కడ కొన్నదే మేలని పిల్లలకు ముందే చెప్పేయండి.

కాలిన రొట్టెను మిషనులో వదిలేస్తే అడుగు చెమ్మగిల్లుతుంది. వెంటనే తీసి జల్లెడ మీద బోర్లించి గంట ఆగి కోయండి. అడుగున పిండి కలిపే రెక్క ఇరుక్కుని ఉంటుంది, చెక్క గరిటె కాడతో తీయండి. చాకు పెడితే పూత గీరుకుపోతుంది.