మొహం చూసి బొట్టు

దక్షిణ అండమాన్ పడమటి ఒడ్డున వండూర్ అనే ఊరుంది. శ్రీ విజయపురంగా పేరు మారిన పోర్ట్‌బ్లెయిర్ నుంచి గంట ప్రయాణం. 1983లో ఏర్పడిన మహాత్మాగాంధీ సముద్ర జాతీయ ఉద్యానానికి ఇదే గుమ్మం. జాలీబాయ్ దీవికి పోయే పడవలు ఇక్కడి జెట్టీ నుంచే కదులుతాయి. వచ్చినవాళ్ళు పగడాలు చూసి వెళ్ళిపోతారు. ఇదే ఒడ్డుకు పడమరగా సుమారు 36 కిలోమీటర్ల దూరంలో ఉత్తర సెంటినెల్ దీవి ఉంది. బయటి ప్రపంచం తేరిపార చూడలేకపోయిన మొహాలు అక్కడున్నాయి. చూడకుండానే వాటిని చదివేసినవాళ్ళకు మాత్రం ఏనాడూ కొరత లేదు.

మొదటివాడు మార్కో పోలో. 13వ శతాబ్దం చివర్లో అండమాన్ గురించి చెబుతూ అక్కడివాళ్ళకు కుక్క తలలుంటాయనీ, పళ్ళూ కళ్ళూ కూడా కుక్కవేననీ, స్వభావం క్రూరమనీ రాయించాడు. ఆయన ఆ దీవుల్లో కాలుపెట్టిన దాఖలా లేదు. ఆరు వందల ఏళ్ళ తరవాత, 1890లో, షెర్లాక్ హోమ్స్ నవల ‘ద సైన్ ఆఫ్ ఫోర్’లో కోనన్ డాయల్ టోంగా అనే అండమానీయుణ్ణి సృష్టించాడు. పెద్ద తల, చిన్న కళ్ళు, మొహం నిండా పశుత్వం. చదివే పాఠకుడికి హంతకుడెవరో వేరే చెప్పాల్సిన పనే లేదు. సాక్ష్యం లేనిదే మాట్లాడని హోమ్స్ కూడా ఇక్కడ ఒక గెజిటీర్‌లో రాసింది చూసి సరిపెట్టుకున్నాడు!

మూడోవాడు కథలు రాయలేదు, కొలతలు తీశాడు. అండమాన్ ఆదివాసుల వ్యవహారాలు చూసే అధికారిగా 1879లో వచ్చిన మారిస్ విడాల్ పోర్ట్‌మన్, మరుసటేడు సాయుధ బృందంతో ఉత్తర సెంటినెల్‌లో దిగాడు. ఒక ముసలి జంటనూ నలుగురు పిల్లల్నీ పట్టుకొచ్చాడు. పోర్ట్‌బ్లెయిర్ చేరగానే వాళ్ళకు జబ్బు చేసింది. పెద్దవాళ్ళిద్దరూ చనిపోయారు. పిల్లల చేతికి కానుకలిచ్చి దీవిలో దించి వచ్చారు. 1890ల్లో అదే దొర బ్రిటిష్ మ్యూజియం కోసం మిగతా అండమానీయుల్ని గళ్ళ తెర ముందు నిలబెట్టి, ఎదురుగా ఒకటి, పక్కనుంచి ఒకటి ఫోటోలు తీశాడు. అంగాంగం కొలిచి పట్టికలు నింపాడు. ఆ జనం ఏళ్ళకేళ్ళు ఎందుకు తరిగిపోతున్నారన్నది ఏ ముక్కు కొలతలోనూ తేలలేదు.

ఈ పని తెల్లదొరలే కనిపెట్టారని అనుకుంటే మన ముత్తాతలు ఊరుకోరు. మనకు సాముద్రికం ఉంది. సముద్రుడు చెప్పిన శాస్త్రం కాబట్టి ఆ పేరని సంప్రదాయం చెబుతుంది. 6వ శతాబ్దపు వరాహమిహిరుడు బృహత్సంహితలో పురుష లక్షణాలకు ఒక అధ్యాయం, కన్యా లక్షణాలకు ఒక అధ్యాయం కేటాయించాడు. ఎత్తు, బరువు, నడక, కండ పట్టు, ఒంటి రంగు, నిగారింపు, గొంతు అన్నీ చూడమన్నాడు. 108 అంగుళాల మగవాడు ఉత్తముడు, 96 అయితే మధ్యముడు, 84 అయితే హీనుడు. ఆ అంగుళం ఎవరి వేలితో కొలవాలన్న తగాదా అలా ఉంచితే, మనిషి ఒంటిని అంత శ్రద్ధగా చూసిన కన్ను మెచ్చుకోదగ్గదే. మన శిల్పులూ కవులూ ఆ కన్నుతోనే బతికారు. ఆజానుబాహుడు, అరవిందాక్షుడు అన్నవి అక్కడ పుట్టిన మాటలే.

చిక్కు ఎక్కడంటే, చూసినదానికీ చెప్పినదానికీ మధ్య. ఎడ్ల సంతలో ఇది బాగా తెలుస్తుంది. రైతు ముందు గిత్త నోరు తెరిచి పళ్ళు చూస్తాడు. ఎన్ని పళ్ళు పడ్డాయో చూస్తే వయసు తెలుస్తుంది, అందులో మోసం లేదు. తరవాత ఒంటి మీద సుడులు వెతుకుతాడు. ఫలానా చోట సుడి ఉంటే యజమానికి కీడు, ఫలానా చోటుంటే కలిసొస్తుంది. పళ్ళు చెప్పింది గిత్త సంగతి. సుడి చెప్పేది రైతు భయం. రెండూ ఒకే సంతలో, ఒకే చూపులో జరిగిపోతాయి కాబట్టి రెంటికీ ఒకే పరువు దక్కింది. ఇంట్లోనూ అంతే. తల మీద రెండు సుడులుంటే పిల్లాడికి రెండు పెళ్ళిళ్ళు, కాలి బొటనవేలి కంటే పక్కవేలు పొడుగైతే కోడలు మొగుణ్ణి ఆడిస్తుంది, పొట్టివాడికి పుట్టెడు బుద్ధులు. పుట్టుమచ్చల ఫలితాలు పంచాంగంలోనే అచ్చవుతున్నాయి. పెళ్ళిచూపుల్లో పిల్లను నాలుగడుగులు నడవమన్న పెద్దవాళ్ళు నడక కోసమే అడగలేదు.

రామాయణంలో ఈ శాస్త్రం మీద గట్టిగా తిరగబడినది సీత. సుందరకాండలో హనుమంతుడు రాముడి అంగలక్షణాలు ఏకరువు పెట్టి నమ్మకం సంపాదిస్తాడు, అది అందరికీ గుర్తే. యుద్ధకాండలో సంగతి అంతగా చెప్పుకోరు. నాగపాశానికి చిక్కి పడివున్న రామలక్ష్మణులను చూపించడానికి సీతను పుష్పకంలో తీసుకెళతారు. ఆమె ఏడుస్తూ తన ఒంటి లక్షణాలు ఒక్కొక్కటే లెక్కపెడుతుంది: పాదాల్లో పద్మరేఖలు, కలవని కనుబొమలు, సందు లేని పలువరుస. ఇవన్నీ చూసి వైధవ్యం లేదని చెప్పిన పండితులు ఇవాళ అబద్ధాలకోరులయ్యారు కదా అంటుంది. పక్కనే ఉన్న త్రిజట ఓదారుస్తూ వాళ్ళ మొహాలు చూడమంటుంది. ప్రాణం పోతే మొహం వికారమైపోతుంది, వీళ్ళ మొహాల్లో కళ తప్పలేదు, బతికే ఉన్నారు. త్రిజట మాటే నిజమైంది. ఆమె చదివిందీ మొహాన్నే. రాబోయే దశాబ్దాల జోలికి పోకుండా ఆ ఘడియ సంగతి చదివింది. కంటి రెప్ప లాగి రక్తహీనత చూసే డాక్టరుదీ ఇదే చదువు. బౌద్ధం కూడా బుద్ధుడికి 32 మహాపురుష లక్షణాలు చెప్పింది గానీ, బ్రహ్మజాల సుత్తంలో అవయవాలు చూసి జోస్యం చెప్పి పొట్టపోసుకోవడం భిక్షువులకు తగదని తేల్చేసింది.

మన పల్లెల్లో ఈ విద్యకు పెట్టింది పేరు ఎరుకలసాని. వేంకటేశ్వరుడంతటివాడు పెళ్ళి కుదుర్చుకోవడానికి ఎరుకలసాని వేషం కట్టి ధరణీదేవికి సోది చెప్పాడు. చెప్పేవాడే పెళ్ళికొడుకు కాబట్టి జోస్యం తప్పే వీల్లేదు. అయితే అదే ఎరుకల జనాన్ని దొరల సర్కారు మరోలా చదివింది. 1871 నాటి నేరస్థ తెగల చట్టం 1911లో మద్రాసు రాజధానిలోనూ అమలులోకి వచ్చింది. 1913 ప్రాంతంలో ఇప్పటి బాపట్ల జిల్లాలో ఎరుకలను కట్టడి చేసే స్థావరంగా స్టువర్టుపురం వెలసింది. నడిపింది సాల్వేషన్ ఆర్మీ అనే క్రైస్తవ సంస్థ. ఊరి ఆడవాళ్ళు చెయ్యి చాచి భవిష్యత్తు అడిగే మనుషుల వేలిముద్రలు పోలీసులు తీసుకున్నారు. మద్రాసు మ్యూజియం అధిపతి ఎడ్గర్ థర్‌స్టన్ దక్షిణాది కులాల ముక్కులు, తలలు కొలిచి 1909లో ఏడు సంపుటాలు అచ్చువేశాడు. ఇటలీలో లాంబ్రోజో పుట్టు నేరస్థుడి గుర్తులు పుర్రెలో ఉంటాయని 1876లోనే రాసేశాడు. వీళ్ళ పక్కన మన పంచాంగం పుట్టుమచ్చలు ఎంతో అమాయకంగా కనిపిస్తాయి. వాటి పేరు చెప్పి ఎవర్నీ కంచె లోపల పెట్టలేదు.

అంతకు ముందు బెంగాల్లో యావజ్జీవ ఖైదీల నుదుటి మీద నేరాన్ని పచ్చబొట్టు పొడిచేవారు. నుదుటిరాత అక్షరాలా సర్కారే రాసింది. ఆ పద్ధతిని 1849లో ఎత్తేశారు. 1858లో అండమాన్ ఖైదీల స్థావరం మొదలైనప్పుడు నుదురు వదిలి మెడలో చెక్కబిళ్ళ వేశారు. నేరం సెక్షనూ శిక్ష తేదీలూ దాని మీద ఉండేవి. గుణం నమ్మదగనిదైతే ‘డి’ అక్షరం.

షేర్ అలీ ఆఫ్రిదీని మాత్రం మంచివాడిగానే చదివారు. పంజాబ్ ఆశ్విక పోలీసుల్లో పనిచేసినవాడు, కుటుంబ కక్షలో హత్య చేసి అండమాన్ వచ్చాడు. నడవడిక బాగుందని హోప్‌టౌన్‌లో మంగలి పని చేసుకోనిచ్చారు. కత్తి గొంతు దగ్గర పెట్టనిచ్చేంత నమ్మకం! 1872 ఫిబ్రవరి 8 సాయంత్రం ఆ ఊరి జెట్టీ దగ్గరే వైస్రాయ్ లార్డ్ మేయోను పొడిచి చంపాడు. మార్చి 11న వైపర్ దీవిలో ఉరితీశారు. ఇక్కడ తప్పిన లెక్క పామరులది కాదు, మనిషిని అంచనా కట్టడమే ఉద్యోగంగా ఉన్నవాళ్ళది.

వండూర్ చరిత్ర దీనికి తలకిందులు. ఆ పేరు మలబారుది. 1921 తిరుగుబాటులో శిక్షపడ్డ మలబారు ముస్లిములైన మాపిళ్ళలను అండమాన్‌కు పంపారు, తరవాత కుటుంబాల్నీ రానిచ్చారు. వాళ్ళు విడిచి వచ్చిన ఊళ్ళ పేర్లే కొత్త ఊళ్ళకు పెట్టుకున్నారు: వండూర్, మంజేరి, కాలికట్. మాపిళ్ళల కోసమే 1854లో ప్రత్యేక చట్టం చేసిన సర్కారు దృష్టిలో ఉన్మాదం ఆ జనం పుట్టుకలోనే ఉంది. ఇక్కడ వాళ్ళు కొబ్బరి, పోక తోటలు వేసుకున్నారు. ఉత్తరాది నుంచి నేరస్థ తెగగా ముద్రపడి 1926 నుంచి వచ్చిన భాంతులూ అంతే. వాళ్ళను దిద్దడానికీ సాల్వేషన్ ఆర్మీయే దిగింది. ఖైదీల సంతతిని ఇక్కడ లోకల్ బార్న్ అంటారు. భాంతులు, మాపిళ్ళలు, లోకల్ బార్న్ ఇవాళ అండమాన్ ఓబీసీ జాబితాలో పక్కపక్కనే ఉన్నారు. 2011 జనగణన ప్రకారం దీవుల్లో 13 శాతం మంది మాతృభాష తెలుగు. ఎక్కువ మంది శ్రీకాకుళం వైపు నుంచి వచ్చినవాళ్ళు. పోర్ట్‌బ్లెయిర్ బజారులో మొహం చూసి ఎవరి తాత ఏ సెక్షన్ కింద వచ్చాడో చెప్పగలిగితే సాముద్రికానికి దండం పెట్టవచ్చు.

ఉత్తర సెంటినెల్‌లో 1991 జనవరి 4న ఒక మంచి చదువు జరిగింది. మానవశాస్త్రవేత్త మధుమాల ఛటోపాధ్యాయ ఉన్న బృందం కొబ్బరికాయలు నీళ్ళలో వదులుతుంటే దీవి జనం ఎదురొచ్చి అందుకున్నారు. ఒక యువకుడు ఆమె మీదికి విల్లు ఎక్కుపెట్టాడు. పక్కనున్న స్త్రీ అతణ్ణి తోసింది, బాణం నీళ్ళలో పడింది. ఆ దీవి స్త్రీ ఎదుటి ఆడమనిషి మొహంలో ఏం చూసిందో గానీ, ముక్కు కొలవలేదు.

మనుషులం మొహాలు చదవడం మానలేం. ప్రిన్స్‌టన్ మనస్తత్వవేత్త టొడొరోవ్ బృందం 2006లో చూపిందేమిటంటే, కొత్త మొహం మీద అభిప్రాయం ఏర్పడటానికి సెకనులో పదోవంతు చాలు, ఆ తరవాత ఎంతసేపు చూసినా పెద్దగా మారదు. 2005లో అదే బృందం అమెరికా సెనేట్ అభ్యర్థుల ఫోటోలు చూపి ఎవరు సమర్థులో అడిగితే, జనం ఎంచినవారే దాదాపు 70 శాతం పోటీల్లో గెలిచినవారయ్యారు. సమర్థులని తేలలేదు, గెలిచారని తేలింది. ఓటర్లు కూడా అదే మొహాన్ని చూసి బొట్టు పెట్టారన్నమాట.

అందుకే 2022లో వచ్చిన నేరవిచారణ గుర్తింపు చట్టాన్ని కొంచెం నిదానంగా చదవాలి. 1920 నాటి పాత చట్టం స్థానంలో వచ్చిన ఇది వేలిముద్రలు, ఫోటోలతో ఆగలేదు. కనుపాప, రెటీనా, సంతకం, చేతిరాత వంటి ప్రవర్తనా లక్షణాలూ సేకరించవచ్చు. ఫలానా మనిషి ఇతనేనా అని పోల్చుకోవడానికే అయితే పేచీ లేదు, అది గిత్త పళ్ళు చూడటం లాంటిదే. కానీ ఆ రికార్డు 75 ఏళ్ళు భద్రంగా ఉంటుంది. అందులోంచి రేపు ఏ యంత్రం ఎవరి సుడులు వెతుకుతుందో, దాన్ని ఎవరు ఆపాలో ఆ చట్టం ఎక్కడా రాయలేదు.